కాపరి బాగోగులు: ప్రార్థనతో పాటు కావలసినవి

ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్ల మాట బయట చర్చకు వచ్చిందంటే అది చాలావరకు 5,000 రూపాయల చుట్టూనే తిరుగుతుంది. 2019 ఎన్నికల హామీగా మొదలైన నెలవారీ గౌరవ వేతనం అది. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, అర్చకులకూ ఇమాములకూ పాస్టర్లకూ ఒక్కసారి సాయంగా ఆ మొత్తమే ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక కూడా ఎనిమిది వేల పైచిలుకు పాస్టర్లకు బకాయిలు విడుదలయ్యాయి. పన్ను డబ్బు మతబోధకులకెందుకని ఒకరంటారు, రిజిస్ట్రేషన్ షరతులతో మాలాంటి వాళ్లకు రాకుండా చేశారని ఇంకొకరంటారు. ఇంత వాదనలోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. నెలకు 5,000 కోసం సర్కారు వైపు చూడవలసిన స్థితి ఒక సంఘకాపరికి ఎందుకొచ్చింది? ప్రతి ఆదివారం ఆయన ఎదుట కూర్చునే కుటుంబాలు ఆయన గురించి ఏమనుకుంటున్నాయి?

వాళ్లకు ప్రేమ లేదని కాదు. పాస్టరు గారికి జ్వరమొస్తే ఇంటింటా ప్రార్థన చేస్తారు, కొబ్బరి బోండాలు తెస్తారు, పుట్టినరోజుకు శాలువా కప్పి కేకు కోయిస్తారు. కాకపోతే ఆయన క్షేమాన్ని భక్తి ఖాతాలో మాత్రమే రాస్తారు. అలసిపోతే ప్రార్థన చాలలేదంటారు, దిగులుగా ఉంటే విశ్వాసం సన్నగిల్లిందంటారు, జీతం పెంచమంటే లోకం పట్టిందంటారు. నా మట్టుకు ఇది ముందుగా ఏర్పాట్ల సంగతి. జీతం ఎవరిస్తారు, పనిని ఎవరు గమనిస్తారు, మనసు ఎవరి దగ్గర విప్పుకుంటాడు, సెమినరీ చదువు అయిపోయాక ఎవరు నేర్పుతారు, వయసు మళ్లాక ఏ ఇంట్లో ఉంటాడు? వీటికి జవాబులున్న చోట కాపరి నిలబడతాడు. లేని చోట ఎంత ప్రార్థనాపరుడైనా కుంగిపోతాడు, లేదంటే మందిరాన్ని సొంతాస్తి చేసుకుంటాడు.

దీనికి బైబిల్లోనే ఆధారముంది. బదరీ వృక్షం కింద పడుకుని ఇక చాలు, ప్రాణం తీసుకోమన్న ఏలీయాకు దూత ప్రసంగం చెప్పలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. ఈ భాగం మీద మన పల్పిట్ల నుంచి ఎన్నో ప్రసంగాలు వచ్చాయి. చెప్పినాయన మర్నాడు సోమవారం సెలవు తీసుకున్న దాఖలాలు మాత్రం తక్కువ.

తెలుగునాట పాస్టరు అనే మాట కింద రెండు వేర్వేరు జీవితాలున్నాయి. ఒకటి మిషన్లు నాటిపోయిన సంఘాలది. 1842లో మిషనరీ హయ్యర్ గుంటూరు చేరడంతో మొదలైన పని 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమైంది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు బాప్టిస్టులవి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో దోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి, రాయలసీమ వంటి డయాసిస్‌లున్నాయి. ఇక్కడి పాస్టరుకు ఆర్డినేషన్, జీతం, క్వార్టర్సు, బదిలీ, రిటైర్మెంటు అన్నీ కాగితం మీద ఉంటాయి. రెండోది మిషన్ జీతంతో పనిలేకుండా పెరిగిన సంఘాలది. పెంతెకొస్తు సంఘాలు, ముంగమూరి దేవదాసు 1938లో ఆరంభించిన బైబిలు మిషను, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా భక్తసింగ్ పెంచిన సహవాసాలు, ఆ తర్వాత ప్రతి మండలంలో, ప్రతి కాలనీలో రేకుల షెడ్డుతో మొదలైన ప్రార్థన మందిరాలు. భక్తసింగ్ సహవాసాల్లో సేవకుడికి నిర్ణీత జీతం లేకపోవడం నియమం, దేవుడు పోషిస్తాడన్న నమ్మకమే ఏర్పాటు. ఆ నియమం ఇచ్చిన తెగువ తక్కువది కాదు. అయితే పెద్ద సహవాసం మధ్య ఉండి దాన్ని పాటించడం వేరు, ఇద్దరు ముగ్గురు పిల్లలతో కాలనీ చివర ఒంటరిగా పాటించడం వేరు.

మిషన్ల కాలాన్ని తలచుకుని కళ్లు తుడుచుకునేవాళ్లలో నేను లేను. దొరగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ఉపదేశి బతుకులో అవమానానికి లోటు లేదు. కానీ ఆ కాలపు పద్ధతి ఒకటి గుర్తుంచుకోదగ్గది. నెలకోసారి పల్లెల నుంచి ఉపదేశులు మిషన్ కాంపౌండుకు నడిచి వచ్చేవారు. జీతం ఆ రోజే, రాబోయే రోజుల్లో పల్లెలో చెప్పవలసిన పాఠం ఆ రోజే, ఎవరు పోయారు, ఎవరు బాప్తిస్మం అడుగుతున్నారు, ఎక్కడ తగాదా వచ్చింది అన్న నివేదిక కూడా ఆ రోజే. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మూడు నెలలకోసారి బోధకులందరినీ రప్పించుకునేవాడు. 1912లో దోర్నకల్ బిషప్పయిన అజరయ్య పల్లె ఉపాధ్యాయుల శిక్షణనే తన పనికి వెన్నెముకగా ఎంచారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఉదంతాన్ని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఆ జనాన్ని ఆ తర్వాత ఆదివారం వెంట ఆదివారం కూర్చోబెట్టి నేర్పినవాళ్లు ఆ స్థానిక బోధకులే. వాళ్లకు నేర్పినవాళ్లూ ఒకరున్నారు, అదీ గమనించవలసింది.

మిషనరీలు వెళ్లిపోయాక జీతం బ్యాంకు ఖాతాకు మారింది, నివేదిక ఒక ఫారమైంది, పాఠం ఆగిపోయింది. పాస్టర్లందరూ ఒకచోట చేరి భోంచేయడం కౌన్సిల్ ఎన్నికల ముందు మాత్రం బాగా జరుగుతుంది.

ఇక డబ్బు. స్వతంత్ర సంఘ కాపరి ఆదాయమెలా ఉంటుందో తెలియాలంటే ఆయనింటి బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి చూడాలి. పల్లెల్లో పిడికెడు బియ్యం పద్ధతి చాలా చోట్ల ఇంకా ఉంది. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆదివారం ఆ డబ్బా మందిరానికి వస్తుంది. ఇంతకన్నా చక్కటి కానుక ఉండదు. కానీ ఇరవై ఇళ్ల పిడికిళ్లు కలిసిన బస్తాలో రేషన్ బియ్యం, సన్నబియ్యం, కొత్తవి, పాతవి అన్నీ ఉంటాయి. కుక్కర్లో పెడితే సగం ముద్దవుతుంది, సగం పలుకు మీద ఉండిపోతుంది. జల్లెడ పట్టినా వేరు కావు. చుట్టాలొచ్చిన రోజు పాస్టరమ్మ చడీచప్పుడు లేకుండా కొట్లో రెండు కేజీలు తెప్పిస్తుంది, ఆ సంగతి సంఘంలో ఎవరికీ తెలియనివ్వదు. కానుక సంచీ అంతే. పత్తి డబ్బు చేతికందిన నెలల్లో బరువుగా ఉంటుంది, నాట్ల వేళ తేలికైపోతుంది. పిల్లల స్కూలు ఫీజు గడువు మాత్రం సరిగ్గా జూన్‌లోనే వస్తుంది.

దీనికి తోడు కొన్నేళ్లపాటు ‘సపోర్టు’ అనే ఆసరా ఉండేది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న సంస్థ విదేశీ నిధుల్లోంచి నెలకింతని పంపేది. 2017 మార్చిలో విదేశీ నిధులతో నడిచే కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థ మన దేశంలో పని మూసుకుంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించినప్పుడు ఒక సంస్థ తనకొచ్చిన నిధుల్ని మరొకరికి మళ్లించడాన్నే నిషేధించారు. పెద్ద సంస్థ నుంచి చిన్న సంస్థకు, అక్కడి నుంచి పల్లెకు వెళ్లే గొలుసు అలా తెగింది. ఆ డబ్బు కొన్ని సంఘాలను సోమరుల్ని చేసిందని నేనూ అనుకుంటాను. ఎక్కడి నుంచో వచ్చే సపోర్టు ఉందని తెలిసిన విశ్వాసి తన కాపరికి జీతమివ్వాలన్న సంగతే మరచిపోయాడు. అయినా తెగిన రోజున ఇబ్బంది పడ్డది పాస్టరు కుటుంబమే గాని ఆ విశ్వాసి కాదు.

అసలు ముడి వృద్ధాప్యం దగ్గరుంది. పాస్టరు కొడుకే పాస్టరు ఎందుకవుతున్నాడని, మందిరాలు కుటుంబ వ్యాపారాలయ్యాయని విమర్శ వినబడుతుంది. అందులో నిజముంది, కొన్ని చోట్ల సిగ్గుపడేంత నిజముంది. కానీ అది ఎలా మొదలవుతుందో చూడాలి. ముప్పై ఏళ్ల వయసులో ఒకాయన భార్య మెడలోది అమ్మి ఊరి చివర మూడు సెంట్ల జాగా కొంటాడు. అప్పటికి సొసైటీ లేదు, కమిటీ లేదు, రిజిస్ట్రేషను తన పేరు మీదే. ముందు షెడ్డు, వెనక రెండు గదులు. విశ్వాసుల చందాలతో షెడ్డు స్లాబవుతుంది, పైన ఇంకో అంతస్తు లేస్తుంది. అరవై ఏళ్లొచ్చేసరికి ఆయనకు పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు, బ్యాంకులో నిల్వ లేదు. ఉన్నదల్లా ఆ భవనం. జాగా తనది, పైన లేచిన గోడలు పది మందివి. బయటి మనిషిని పాస్టరుగా తెచ్చి అప్పగిస్తే ముసలి దంపతులు ఏ గదిలో పడుకోవాలి? అందుకని కొడుకు. కొడుక్కి సేవంటే ఇష్టమున్నా లేకపోయినా, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసుకుంటున్నా సరే, కొడుకే. అది నచ్చని పెద్దలు నలుగురు బయటికి వెళ్లి ఇంకో షెడ్డు వేస్తారు. అక్కడ ఇంకో ముప్పై ఏళ్ల పాస్టరు, ఇంకో మూడు సెంట్లు. మన సంఘ చీలికల్లో సిద్ధాంతం కోసం జరిగినవెన్నో, తలదాచుకునే గది కోసం జరిగినవెన్నో ఎవరైనా నిజాయితీగా లెక్క తీస్తే చదవాలని ఉంది.

దీనికి మందు పెద్దదేమీ కాదు, మొదలుపెట్టే వయసే ముఖ్యం. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజననే తీసుకోండి. 30 ఏళ్ల వయసులో చేరి నెలకు 577 రూపాయలు కడితే 60 నుంచి నెలకు 5,000 వస్తుంది, ఆయన పోయాక భార్యకూ అంతే వస్తుంది. 40 దాటితే చేరే వీల్లేదు. 2022 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను కట్టేవారికి ప్రవేశం లేదు గాని, పల్లె పాస్టరుకు ఆ అడ్డంకి ఎటూ ఉండదు. ఏడాది మొత్తం కిస్తీ 7,000 లోపే. సెమీ క్రిస్మస్ ఒక్క రాత్రికి సౌండు, లైటింగు అద్దె అంతకు మించి కట్టే సంఘాలు బోలెడు. ముప్పై ఏళ్ల తర్వాత 5,000కు ఏమొస్తుందని అడగవచ్చు, న్యాయమే. దానికి పైన సంఘం ఇంకొంత జమ చేస్తే, మందిరం స్థలం సొసైటీ పేరుకు మారే రోజున కాపరికి బతికినన్నాళ్లూ నివాసం రాసిస్తే, వారసత్వపు పోరులో సగమైనా తగ్గుతుంది. పేరు మార్చమని పెద్దలు అడిగే ముందు ఆ కాగితం రాసివ్వాలి. వరస తారుమారైతే ఏ పాస్టరూ సంతకం పెట్టడు, పెట్టాలని నేనూ అనను.

ఒంటి ఆరోగ్యం, మనసు సంగతికి వస్తే, ఓపిగ్గా లెక్కలు తీసినవాళ్లు అమెరికా వాళ్లు. ఉత్తర కరొలినాలోని మెథడిస్టు పాస్టర్ల మీద డ్యూక్ విశ్వవిద్యాలయం 2007 నుంచి పనిచేసింది. వాళ్లలో దాదాపు 40 శాతం మందికి స్థూలకాయం, అదే రాష్ట్రంలోని తక్కినవారి కంటే ఇది పది శాతం పైన ఎక్కువ. కుంగుబాటు 8.7 శాతం మందిలో కనబడింది, దేశ సగటు 5.5. కరోనా దెబ్బకు సేవ మానేద్దామా అని ఆలోచించిన పాస్టర్లు 2021 జనవరిలో 29 శాతమైతే 2022 మార్చికి 42 శాతమయ్యారని బార్నా సంస్థ చెప్పింది. ఈ అంకెల్ని తెచ్చి మన మీద అతికించకూడదు. అక్కడి పాస్టరుకు చాలావరకు బీమా, పెన్షను ఉన్నాయి, లేనిది విరామం. అందుకే అక్కడ లిల్లీ ఎండోమెంట్ వంటి సంస్థలు కొన్ని నెలలు పల్పిట్ దిగి విశ్రాంతి తీసుకోవడానికి గ్రాంట్లిస్తాయి. మన పాస్టరు నెల రోజులు దిగితే తిరిగొచ్చేసరికి పల్పిట్ మీద ఇంకొకరుంటారన్న భయం ఉంది.

కానీ ఒంటికొచ్చే జబ్బులో పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పని అంతా సాయంత్రాలు, రాత్రులు. భోజనానికి వేళాపాళా లేదు. ప్రతి గృహకూడిక ముగిశాక ప్లేటులో మిక్చరు, లడ్డూ, స్టీలు గ్లాసులో చిక్కటి టీ వస్తాయి. వద్దంటే ఆ ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. ఒక ఇంట్లో తాగి పక్కింట్లో మానేస్తే అదొక గొడవ. షుగరు వచ్చాక కూడా పాస్టరు గారు తాగుతూనే ఉంటారు. డిసెంబరు ఒకటి నుంచి సెమీ క్రిస్మస్‌లు, రాత్రుళ్లు కేరల్స్, పండుగ, 31 రాత్రి ఆరాధన, తెల్లారి వాగ్దాన కార్డులు. జనవరి రెండో వారానికి గొంతు ఉండదు, బీపీ బిళ్లలు వేసుకోవడం ఎప్పుడో మరచిపోయి ఉంటారు.

మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం రెండు రకాల సంఘాల్లోనూ ఒకటే. బిషప్పుకో అధ్యక్షుడికో చెప్పుకుందామంటే బదిలీ రాసేది ఆయనే. పక్క వీధి పాస్టరుకు చెప్పుకుందామంటే ఈయన సంఘంలోని విశ్వాసుల మీద ఆయనకూ కన్ను. సంఘ పెద్దకు చెబితే బుధవారానికి ఊరంతా పాకుతుంది. ఇంగ్లండు సంఘం 2020 ఫిబ్రవరిలో తన సినడులో కాపరుల సంరక్షణకు ఒక ఒడంబడిక ఆమోదించుకుంది. బాధ్యతను కాపరి ఒక్కడి నెత్తిన వేయకుండా సంఘానికీ బిషప్పుకూ కలిపి పంచడం అందులో నాకు నచ్చింది. మన దగ్గర 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారు. పేరు చెప్పనక్కర్లేదు. ఆత్మహత్య తలంపులతో వచ్చిన విశ్వాసికి ఈ నంబరు ఇచ్చే పాస్టర్లు కొందరున్నారు. అదే నంబరు తనకూ పనికొస్తుందని ఒప్పుకోవడానికే బిడియం.

పాస్టరమ్మ గురించి ఎవరూ విడిగా రాయరు. స్త్రీల కూటం ఆమెది, సండే స్కూలు ఆమెది, పాటల బృందం ఆమెది, వచ్చిపోయేవాళ్లకు వంట ఆమెది, అన్నీ జీతం లేని ఉద్యోగాలే. చీర కొంచెం బాగుంటే ఒక మాట, బాగులేకపోతే ఇంకో మాట. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల డయాసిస్ బిషప్పయ్యారు, దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్పు ఆవిడే. పైమెట్టు మీద అంత మార్పు వచ్చినా కిందిమెట్టున పాస్టరమ్మ పనికి ఇంకా పేరే పెట్టలేదు. భర్త అకస్మాత్తుగా పోతే క్వార్టర్సు ఖాళీ చేయవలసింది కూడా ఆమే.

చదువు సంగతి. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటివి సెరంపూర్ సెనేటు డిగ్రీలకు చదువు చెబుతాయి. చదువు మంచిదే, కాకపోతే అది ఎక్కువగా ఇంగ్లీషు గ్రంథాల మీద నడుస్తుంది. బయటికొచ్చిన యువకుడు తెలుగులో ప్రసంగించాలి, తెలుగులో ఓదార్చాలి. పైగా ఆ గడప తొక్కని పాస్టర్లే ఎక్కువ మంది. వాళ్ల దగ్గరికి తలుపు తట్టి వచ్చే సమస్యలు వేరు: మైక్రోఫైనాన్స్ కిస్తీలు, తాగుడు, ఆన్‌లైన్ బెట్టింగులో అప్పులైన కొడుకు, కులం వేరని ఇంట్లోంచి పారిపోయిన పిల్ల, పురుగుమందు తాగిన రైతు. వీటికి చేతులుంచి ప్రార్థన చేయడమొక్కటే నేర్చుకున్న మనిషి రెండేళ్లలో చాలించుకుంటాడు, లేదా గదమాయించడం అలవాటు చేసుకుంటాడు. నేర్చుకోవడం ఆగిపోవడం కూడా అలసటకు కారణమే. వెల్లూరు సీఎంసీలో ఆస్పత్రి వార్డుల మధ్యే రోగితో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ ఉంది. పని మానకుండా ఉన్న చోటే చదువుకునే పద్ధతిని బెంగళూరులోని టాఫ్టీ 1971 నుంచి నడుపుతోంది. ఇలాంటివి జిల్లా కేంద్రానికి, తెలుగులో, సోమవారం పూట రావాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఎవరికి కావాలో, రిజిస్టరు ఎలా రాయాలో, నకలు ఎక్కడికి పంపాలో తెలియక పెళ్లి చేసి, ఆ తర్వాత పాస్‌పోర్టు ఆఫీసులో ఆ జంట తిప్పలు పడుతుంటే తలదించుకునే పాస్టర్లున్నారు. దీనికి ఒక్క పూట క్లాసు చాలు. దానికి బదులు మన దగ్గర జోరుగా సాగుతున్నది గౌరవ డాక్టరేట్ల బజారు. గౌను, టోపీ, ఫొటోతో సహా ఒక్క మధ్యాహ్నంలో ‘రెవరెండ్ డాక్టర్’ అయిపోవచ్చు. విజిటింగ్ కార్డు మారుతుంది, ప్రసంగం మారదు.

శిక్షణతోనూ కౌన్సెలింగ్‌తోనూ తీరని భారం ఒకటుంది. తెలుగు పాస్టర్లలో చాలామంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా లేదు, వారు బీసీ-సీ కిందికి వస్తారు. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసును ఈ కారణంతోనే 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. కాబట్టి గౌరవ వేతనానికి పాస్టరునని పేరు రాయించుకుంటే పిల్లల కుల ధ్రువపత్రం మీద ప్రశ్న, రాయించుకోకపోతే డబ్బు లేదు. ఊళ్లో కులం పేరుతో తిట్టినవాడికి మాత్రం ఈ సందేహాలేవీ ఉండవు. ఇందులో కొందరు రెండు వైపులా లబ్ధి పొందుతున్నారన్న ఆరోపణకు జవాబు చెప్పవలసింది చట్టం. రోజూ ఆ భయంతో మందిరం తలుపు తీసే మనిషికి ఒత్తిడి తగ్గించుకోవడం మీద సెమినారు పెట్టడం మాత్రం ఎగతాళిలా ఉంటుంది.

ఇంత చెప్పాక లెక్కల మాట కూడా చెప్పాలి. కాపరికి జీతం, పెన్షన్, సెలవు అడిగే గొంతు కానుకల లెక్క చూపించడానికీ సిద్ధపడాలి. దైవజనుణ్ణి ప్రశ్నించకూడదన్న మాట మన సంఘాల్లో గౌరవంలా వినిపిస్తుంది గాని, ఆ పీఠమే ఆయన్ను ఒంటరిని చేస్తున్నది. పొరపాటు జరిగినప్పుడు చిన్నగా ఉండగానే చెప్పేవాడు ఉండడు, పెద్దదయ్యాక క్షమించేవాడూ ఉండడు. సంచి విప్పి లెక్కపెట్టేటప్పుడు పక్కన ఇద్దరు పెద్దలు కూర్చుని పుస్తకంలో సంతకం పెడితే, నాలుగేళ్ల తర్వాత వచ్చే నిందలో సగం ఆ పూటే తీరిపోతుంది.

కొత్త సంస్థ పెట్టనక్కర్లేదు. ఇంచుమించు ప్రతి మండలంలో పాస్టర్స్ ఫెలోషిప్ ఒకటి ఉండనే ఉంది, చాలా చోట్ల నెలకోసారి కలుస్తుంది కూడా. ఒక గంట తెలుగులో పాఠం, ఒక గంట తలుపు వేసుకుని ఒకరి కష్టం ఒకరు వినడం, చివర్లో పెన్షన్ ఫారాలు, మ్యారేజి రిజిస్టర్లు, ఆరోగ్యశ్రీ కార్డులు సరిచూసుకోవడం ఆ రోజున పెట్టుకోవచ్చు. పాస్టరమ్మలకు విడిగా ఇంకో గది ఇవ్వవచ్చు. ప్రస్తుతానికి ఆ పూటంతా స్థానిక నాయకుడికి శాలువా కప్పడంతో, ముఖ్య అతిథి ప్రసంగంతో, బిరియానీతో గడిచిపోతోంది.